దూడకైతే పట్టించమన్నావుగా తాతయ్యా

మొన్న పొద్దున మాకు పాలు పోసే ఆయన రోజూ పోసే లీటరు పోసి, సంచీలోంచి ఇంకో బాటిల్ బయటికి తీశాడు. "గేదె ఈనిందమ్మా. జున్నుపాలు, పిల్లలకి వండిపెట్టండి" అన్నాడు. హైదరాబాద్ వచ్చి ఇన్నేళ్ళయింది. స్వీటు షాపులో అమ్మే జున్ను తినడమే గానీ, అసలైన జున్నుపాలు గుమ్మంలోకి రావడం ఇదే మొదటిసారి.

బెల్లం కోరి, మిరియాలు, యాలకులు కచ్చాపచ్చాగా దంచి పాలల్లో కలిపాను. కుక్కర్‌లో గిన్నె దించి, వెయిట్ పెట్టకుండా ఆవిరి మీద ఉడికించాను. కాసేపటికి వంటిల్లంతా వాసన. ముందు బెల్లం, ఆ తర్వాత మిరియం ఘాటు, వాటి అడుగున పచ్చిగా, వెచ్చగా, గొడ్లసావిట్లో దూడ ఒంటి మీద నుంచి వచ్చేలాంటి పాల వాసన. ఆ మూడో వాసన తగలగానే మా తాతయ్య గుర్తొచ్చాడు. స్టవ్ కట్టేశాక కూడా అక్కడే నిలబడి ఉన్నాను.

* * *

మా అమ్మవాళ్ళ నాన్న గుంటూరు జిల్లాలో ఒక పల్లెలో పశువుల ఆసుపత్రి కాంపౌండర్. రైతులు "డాక్టరుగారూ" అని పిలిస్తే, "డాక్టరుగారు మంగళవారం వస్తారు, నేను కాంపౌండర్ని" అని ప్రతిసారీ సరిదిద్దేవాడు. అయినా వాళ్ళు మళ్ళీ డాక్టరుగారూ అనే పిలిచేవాళ్ళు. మా నాన్నకి బదిలీల మీద బదిలీలు కావడంతో రెండో తరగతి నుంచి అయిదో తరగతి దాకా నేను అక్కడే చదివాను. బడి వదలగానే పుస్తకాల సంచీ అరుగు మీద పడేసి ఆసుపత్రికి పరుగెత్తేదాన్ని.

ఆసుపత్రి అంటే రెండు గదుల పెంకుటిల్లు. ముందు వేపచెట్టు. దాని కింద పశువుల్ని కదలకుండా నిలబెట్టి కట్టే ఇనప పైపుల చట్రం. లోపలికి అడుగు పెడితే ఫినాయిలు, టింక్చర్ అయోడిన్, టర్పెంటైన్ కలిసిన వాసన. మూలన ఏటవాలుగా కోసిన వెదురు గొట్టాలు ఉండేవి. గేదె తల పైకెత్తి, ఆ గొట్టంతో మందు పోస్తే గుటకలు వేసిన చప్పుడు బయటికి వినపడేది.

వారానికోసారి నాడాలు కొట్టే ఆయన వచ్చి ఆ వేపచెట్టు కిందే కూర్చునేవాడు. ఎద్దుని మోకుతో పడగొట్టి, నాలుగు కాళ్ళూ కట్టేసి, గిట్టలకి నాడాలు కొడుతుంటే టకటకమని ఊరంతా వినపడేది. గుర్రానికి కాలికి ఒక్కటే నాడా కదా, ఎద్దుకి రెండెందుకు అని అడిగాను ఒకసారి. తాతయ్య వెంటనే చెప్పలేదు. ఏదడిగినా ఆయన ముందు అనే మాట ఒకటే: "నువ్వు చూశావా?" వెళ్ళి ఎద్దు గిట్ట చూశాను. మధ్యలో చీలి ఉంది. అంటే ఒక కాలికి రెండు, నాలుగు కాళ్ళకి ఎనిమిది. వచ్చి చెబితే తల ఊపాడు. మరి మేకులు దిగ్గొడుతుంటే నొప్పి పుట్టదా అన్నాను. నా చెయ్యి పట్టుకుని, బొటనవేలి గోరు చివర కత్తెరతో కత్తిరించి, "పుట్టిందా?" అన్నాడు. "గిట్ట కూడా గోరే. లోపల మాంసం దాకా పోనివ్వకుండా కొట్టడమే ఆయన పనితనం."

ఆవుకి ముందువైపు పైపళ్ళు ఉండవని కూడా అలాగే తెలిసింది. సంతలో ఎద్దుని కొనేవాళ్ళు నోరు తెరిచి పళ్ళు చూడటం రోజూ చూసేదే. రెండు పళ్ళ కోడె, ఆరు పళ్ళ కోడె అని బేరాలాడటం వినేదే. కానీ వాళ్ళు చూసేవన్నీ కింది పళ్ళేనని నాకు తట్టలేదు. తాతయ్య ఒక ముసలి ఆవు మూతి పట్టుకుని, పైపెదవి ఎత్తి, నా వేళ్ళు లోపల పెట్టించాడు. ముందు వైపు ఒక్క పన్నూ లేదు. గట్టిగా, తడిగా, చెప్పు అట్టలాంటి చిగురు. కింద ఎనిమిది పళ్ళు. గడ్డిని నాలుకతో చుట్టి, ఆ చిగురుకీ కింది పళ్ళకీ మధ్య నొక్కిపట్టి, తల విసిరి తెంపుతుంది. ఆ ఆవు వెచ్చటి ఊపిరి నా మణికట్టు మీద తగిలింది. భయం వెయ్యలేదు.

ఆ రోజే దాని ఎడమ డొక్క మీద నా చెవి ఆనించి, "ఏం వినపడుతోంది?" అన్నాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో దూరాన ఉరిమినట్టు మొదలై, దగ్గరికొచ్చి, మళ్ళీ వెళ్ళిపోయింది. నిమిషానికి ఒకసారో రెండుసార్లో ఆ ఉరుము వస్తే ఆవు బాగున్నట్టు, ఆగిపోతే ఒంట్లో బాగాలేనట్టు. నాలుగు అరల కడుపులో పెద్ద అర ఎడమవైపే ఉంటుందట. మేసిందంతా ముందు అందులో నానబెట్టి, తర్వాత తీరిగ్గా ముద్ద ముద్దగా పైకి తెచ్చుకుని నములుతుంది. ముద్ద మెడలో పైకి ఎగబాకడం కంటికి కనపడుతుంది. సాయంత్రాలు మా ఆవు ఎదురుగా కూర్చుని లెక్కపెట్టేదాన్ని. ఒక్కో ముద్దకి యాభై, అరవై నమళ్ళు.

* * *

రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద నులకమంచం పడేది. కరెంటు పోవడం మామూలే కాబట్టి పక్కిళ్ళ పిల్లలు కూడా చేరేవాళ్ళు. ప్రశ్నల వాన అక్కడే. పిల్లి కళ్ళు చీకట్లో ఎందుకు మెరుస్తాయి? కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, ఉన్న కాస్త వెలుతుర్నీ మళ్ళీ వెనక్కి కొడుతుంది. గేదె చెరువులోంచి ఎందుకు లేవదు? దానికి చెమట పట్టడం తక్కువ, పైగా నల్ల తోలు, ఎండకి తట్టుకోలేదు. కొంగ గేదె వెంటే ఎందుకు తిరుగుతుంది? గేదె అడుగేస్తే గడ్డిలోంచి పురుగులు లేస్తాయి, వాటి కోసం. గబ్బిలం నిద్రలో జారిపడదా? దాని బరువుకే గోళ్ళు బిగుసుకుంటాయి, వదిలించుకోవడానికే దానికి కష్టం.

కోడి సంగతి మాత్రం ఒక్క రాత్రితో తేలలేదు. తెల్లారబోతున్నట్టు దానికి ఎలా తెలుస్తుంది? వెలుతురు చూసి కూస్తుందని నా వాదన. తాతయ్య మా పుంజుని గంప కింద మూసి, పైన గోనెపట్టాలు కప్పి, కిటికీ లేని గదిలో పెట్టించాడు. రాత్రంతా నాకు నిద్రపట్టలేదు. ఇంకా చీకటి ఉండగానే గంప లోపలి నుంచి కూత! అమ్మమ్మ నిద్రలేచి, "పాపం దాన్ని ఎందుకు ఏడిపిస్తారు" అని కేకలేసింది. నేను మాత్రం ఒప్పుకోలేదు. "పక్కింటి కోడి కూత విని కూసిందేమో" అన్నాను. తాతయ్య మొహం వెలిగిపోయింది. పొద్దున ఆసుపత్రికి వచ్చిన ప్రతి రైతుకీ చెప్పాడు, మా మనవరాలు ఇలా అడిగిందని.

చాలా ఏళ్ళ తర్వాత, 2013లో, జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్ళు పుంజుల్ని ఎప్పుడూ ఒకే మసక వెలుతురులో ఉంచి గమనించారని చదివాను. పగలూ రాత్రీ తేడా తెలియకపోయినా అవి దాదాపు రోజుకోసారి అదే వేళకి కూశాయట. వాటి ఒంట్లోనే గడియారం ఉంది. పక్క కోడి కూత విన్నా కూస్తాయి గానీ, తెల్లారుజామున మాత్రం ఆ గడియారం మాట బలంగా వింటాయి. అంటే మా అరుగు మీద ఇద్దరిదీ కొంత కొంత నిజమే. ఆ వార్త చదివి ఫోన్ చెయ్యడానికి తాతయ్య లేడు.

* * *

మనుషుల అలవాట్ల గురించి అడిగినా ఆయన తీరు అదే. ఆవులిస్తే అమ్మమ్మ నోటి ముందు చిటికెలెందుకు వేస్తుంది, తుమ్మితే చిరంజీవ అని ఎందుకంటారు, ముగ్గు బియ్యప్పిండితో ఎందుకు వేస్తారు. "ముగ్గు దగ్గర కూర్చుని చూడు" అన్నాడు. చూశాను. పొద్దెక్కేసరికి చీమలు బారు కట్టి, పద్మం రేకుల్ని అంచు నుంచి మోసుకుపోతున్నాయి. అమ్మమ్మని అడిగితే, "మరి వాటికీ ఉండద్దూ?" అంది. ఆ రోజు నుంచి ముగ్గు తొక్కాలంటే మనసొప్పేది కాదు.

నాగుల చవితికి అందరం పొలం గట్టు మీద పుట్ట దగ్గరికి వెళ్ళేవాళ్ళం. చలిమిడి, చిమ్మిలి, గిన్నెలో ఆవుపాలు. పుట్టమన్ను తడిపి చెవులకి పెట్టేవాళ్ళు. పుట్ట కట్టేది చెదపురుగులనీ, పాము అందులోకి కాపురానికి వస్తుందనీ, పాలు దాని తిండి కాదనీ తాతయ్య ముందే చెప్పి ఉన్నాడు. అలాంటిది అక్కడ కళ్ళు మూసుకుని, చేతులు జోడించి నిలబడ్డాడు. దారిలో నిలదీశాను. పాలు తాగదన్నావు, మరి దణ్ణం ఎందుకు పెట్టావని. చాలా దూరం నడిచాక అన్నాడు: "మన గాదెలో వడ్లు ఎలకలు తినకుండా ఏడాది పొడుగునా కాపలా కాసింది. ఒక్క రోజు దణ్ణం పెడితే ఏం పోయిందమ్మలూ?" ఆ తర్వాతి ఏడాది నుంచి అమ్మమ్మ పుట్టలో పాలు రెండు చుక్కలే పోసి, మిగిలినవి అక్కడికి వచ్చిన పిల్లలకి ఇచ్చేది. ఎవరూ చెప్పలేదు, ఆవిడే మొదలుపెట్టింది.

పెద్దజాడ్యం కథ మాత్రం మేం అడిగితే గాని చెప్పేవాడు కాదు. పశువులకి జ్వరం, నోట్లో పుళ్ళు, విరేచనాలు, వారం తిరిగేసరికి సావిళ్ళు ఖాళీ. పుస్తకాల్లో దాని పేరు రిండర్‌పెస్ట్. ఆ జబ్బు వస్తే ఊళ్ళో పొలేరమ్మకి కొలుపులు చేసేవాళ్ళు, బయటి పశువుని పొలిమేర దాటి రానిచ్చేవాళ్ళు కాదు. అమ్మవారి ఆన అని పశువుల్ని ఊరు దాటించకపోవడం వల్లే జబ్బు పక్క ఊరికి పాకలేదని తాతయ్య గౌరవంగా చెప్పేవాడు. తనేమో థర్మోస్ ఫ్లాస్కులో ఐసు, ఐసులో టీకామందు పెట్టుకుని, సైకిల్ మీద ఊరూరూ తిరిగాడు. ఐసు కరిగేలోపు మందు అయిపోవాలి. కొలుపులకి ఊరంతా ఒకచోట చేరుతుంది కాబట్టి అక్కడికే వెళ్ళి సూది వేసేవాడు. మన దేశంలో ఆ జబ్బు చివరిసారి కనపడింది 1995లో. 2011లో ప్రపంచం మొత్తం మీదే లేకుండా పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత భూమ్మీద నుంచి పూర్తిగా తుడిచేసిన రెండో జబ్బు అది. ఆ ప్రకటన వచ్చిన రోజు టీవీలో దాని ఊసే లేదు. నేను మాత్రం తాతయ్య ఫోటో ముందు చాలాసేపు కూర్చున్నాను.

* * *

ఇక జున్నుపాల సంగతి.

వర్షాకాలం, రాత్రి. మా ఆవు ఈనుతోంది. లాంతరు నేనే పట్టుకున్నాను. ముందు రెండు కాళ్ళు, వాటి మీద ఆనించిన మూతి. తాతయ్య దూడ ముక్కులో జిగట వేళ్ళతో తీసి, ఎండుగడ్డితో ఒళ్ళు రుద్దాడు. తల్లి నాకుతుంటే ఆ గరుకు చప్పుడు వానలో కూడా వినపడింది. పెయ్యదూడ. లేచి నిలబడబోయి మూడుసార్లు పడింది. నాలుగోసారి నిలబడి, పొదుగు అనుకుని తల్లి ముందుకాళ్ళ సందున వెతకసాగింది.

సాయానికొచ్చిన పాలేరు, "మాయ పడనీయండి బాబూ, అప్పుడు వదులుదాం" అన్నాడు. మాయ పడేదాకా దూడకి పాలు తాపకూడదని ఆ వైపు ఊళ్ళన్నిట్లో నమ్మకం. తాతయ్య ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ ఒక్క విషయంలో పెంచేవాడు. "దూడ చీకితేనే మాయ తొందరగా పడుతుంది. గంటలోపు పట్టించాలి" అంటూ దూడ మూతి తెచ్చి చన్నుకి అందించాడు. పాలు పసుపచ్చగా, చిక్కగా దాని పెదవుల పక్కనుంచి జారాయి.

గంటలోపే ఎందుకని అడిగాను. చేతులు కడుక్కుంటూ చెప్పాడు. ఆవు కడుపులో ఉండగా దూడకి రోగాల్ని తట్టుకునే శక్తి తల్లి రక్తంలోంచి రాదు. అదంతా తల్లి ఈ ముర్రుపాలల్లోనే పెట్టి ఇస్తుంది. దూడ పేగులు ఆ శక్తిని ఉన్నదున్నట్టు తీసుకునేది మొదటి రోజే, అందులోనూ మొదటి కొన్ని గంటలు. తర్వాత ఆ తలుపు మూసుకుంటుంది. "మనకి జున్ను దూడ వదిలిందే. అది వదలకపోతే లేదు" అన్నాడు. మర్నాడు అమ్మమ్మ జున్ను వండి, వీధిలో ఏడిళ్ళకి గిన్నెలు పంపింది. ఏడు గిన్నెలూ బెల్లం ముక్కో, గుప్పెడు బియ్యమో వేసుకుని తిరిగొచ్చాయి. పాల గిన్నె ఖాళీగా పంపకూడదు కదా.

రెండు వారాలు తిరక్కుండానే మా పిన్నికి నొప్పులొచ్చాయి. పురుడు ఇంట్లోనే. మంత్రసాని వచ్చింది. పాప పుట్టింది. మధ్యగదికి దుప్పటి అడ్డం కట్టారు, గుమ్మానికి వేపమండలు. లోపలికీ బయటికీ వేడినీళ్ళు, గుడ్డలు మోసేది నేనే. తాతమ్మ, అంటే తాతయ్య వాళ్ళమ్మ, పంచదార నీళ్ళలో దూది ముంచి పాప పెదవుల మీద పిండుతోంది. పక్కన చిన్న గిన్నెలో తేనె. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. "మూడు రోజులదాకా తల్లిపాలు పట్టకూడదు. ముర్రుపాలు చెడ్డవి, అరగవు, పిండి పారబొయ్యాలి" అని తాతమ్మ మంత్రసానికి చెబుతోంది. మా అమ్మకీ, పిన్నికీ, నాకూ అలాగే చేశారట.

నేను బయటికొచ్చాను. తాతయ్య వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లోపలి మాటలు ఆయనకి వినపడుతూనే ఉన్నాయి. పురిటిగది ఆడవాళ్ళ రాజ్యం, అందులోనూ వాళ్ళమ్మ మాట. నేల చూస్తూ కూర్చున్నాడు.

"తాతయ్యా, దూడకైతే గంటలోపు పట్టించమన్నావుగా. పాపకెందుకు వద్దంటున్నారు?"

నేను గట్టిగానే అడిగాను. ఇంట్లో అందరికీ వినపడింది. నువ్వు చూశావా అని అంటాడనుకున్నా. అనలేదు. కుర్చీ చెయ్యి మీద ఆయన వేళ్ళు కదలడం, ఆగడం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. లేచి దుప్పటి దగ్గరికి వెళ్ళి, ఇవతలే నిలబడి, "అమ్మా" అని పిలిచాడు. "ఆ పాలు పారబొయ్యద్దమ్మా. పాపకి పట్టించండి."

"మనుషులూ గొడ్లూ ఒకటేనట్రా?" లోపలి నుంచి తాతమ్మ.

"ఒకటి కాదు. కానీ ఆ పాలు తాగని దూడలు పోవడం నా కళ్ళతో చూశాను. తల్లికి ఆ పాలు ఊరికే రావమ్మా."

అటూ ఇటూ ఎవరూ మాట్లాడలేదు. పాప ఏడుపొక్కటే. అప్పుడు పిన్ని గొంతు, నీరసంగా, "పాపని నాకివ్వండి" అంది.

నేను దుప్పటి పక్కకి తీసి తొంగిచూశాను. తాతమ్మ రెండు చుక్కలు నేల మీద పిండించి, "ఇవి భూదేవికి" అంది. ఆ తర్వాత పాపని తనే పిన్ని రొమ్ముకి అందించింది. ఏడుపు ఆగింది. తేనె గిన్నె అలాగే మిగిలిపోతే సాయంత్రం నేను నాకేశాను.

తాతమ్మ పది రోజులు తాతయ్యతో మాట్లాడలేదు. బారసాల నాడు మాత్రం విస్తరిలో ఆయనకి రెండో బూరె తనే వడ్డించింది. తర్వాత ఊళ్ళో ఎక్కడ పురుడైనా, రెండు చుక్కలు భూదేవికి పోసి మిగిలింది పిల్లకి పట్టండి అని చెప్పడం నేను చాలాసార్లు విన్నాను.

పెద్దయ్యాక తెలుసుకున్నాను, తాతమ్మ మాటలోనూ కొంత ఉందని. మనిషి బిడ్డకి కడుపులో ఉండగానే తల్లి రక్తంలోంచి కొంత రక్షణ అందుతుంది, దూడలా పూర్తిగా మొదటి పాల మీదే ఆధారపడదు. అయినా ఆ ముర్రుపాలు బిడ్డ పేగులకి పూసిన కవచంలాంటివి. పుట్టిన గంటలోపే పట్టించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించవద్దని డాక్టర్లు చెబుతున్నారు. నా ఇద్దరు పిల్లలప్పుడూ ఆసుపత్రిలో నర్సు అడగకముందే నేనే అడిగి మరీ పాలు పట్టించాను. రెండుసార్లూ తాతయ్య వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నట్టే అనిపించింది.

* * *

మొన్నటి జున్ను గట్టిగా కుదిరింది. మొదటి పూట పాలు, మామూలు పాలు ఇంకాస్త కలపాల్సింది. మా చిన్నది ముక్క కోస్తూ, "అమ్మా, పాలు ఇలా ఎందుకు గడ్డకట్టాయి? నువ్వు పెరుగు వెయ్యలేదుగా" అంది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, మామూలు పాలల్లో కంటే వీటిలో మాంసకృత్తులు చాలా ఎక్కువని, వేడి తగలగానే గుడ్డు గట్టిపడినట్టు గట్టిపడతాయని చెప్పాను. తర్వాత ఇంకోటి, ఇంకోటి అడిగింది. స్కూలు బస్సు వెళ్ళిపోయింది. నేనే దింపి వచ్చాను.

మర్నాడు బాటిల్ కడిగి, అడుగున బెల్లం ముక్క వేసి పాలాయనకి తిరిగిచ్చాను. చూసి నవ్వాడు. "మా అమ్మ కూడా ఇలాగే వేస్తదమ్మా" అన్నాడు. ముందురోజు పాలు అందుకునేటప్పుడు ఆత్రంలో అడగడం మర్చిపోయిన మాట ఒకటి ఉంది, అది అప్పుడు అడిగాను.

"దూడ తాగిందా?"

"దున్నదూడమ్మా. కడుపునిండా తాగి పడుకున్నాకే పిండినా."